మా వాన, వాళ్ల తుఫాను

కర్నూలులో శనగ విత్తనాలు అమ్మేవాడికి బంగాళాఖాతంలో తుఫాను పుడితే లాభం. నేల తడిస్తే రైతు అంగడికి వస్తాడు. ఈ లెక్క మీద బతుకుతున్న నాకు సాహితి అడ్డం వచ్చింది.

సెలవుకు ఊరొచ్చి, కోసిగి నుంచి వాళ్ల నాయన గోపన్నతో కలిసి మా అంగడికి వచ్చింది. ఆయన అప్పటికే విత్తనాల మూట భుజానికెత్తుకున్నాడు.

"ఏమప్పా భూపేష్, వాన పడతాదా?"

"ఖాయం గోపన్నా. తుఫాను వస్తాండాది కదా."

"దించు నాయనా," అంది సాహితి. "సముద్రం పైన వేడిగుండాది గానీ కింద నీళ్లు చల్లగుండాయి. దానికి బలం చాలదు. తీరం చేరకముందే నీరసపడతాది."

"దిగి చూసినావా?" అన్నాను.

"నేను దిగలే, మా సెన్సర్లు దిగినాయి. నెల్లూరు తీరంలో అదే నా ఉద్యోగం."

గోపన్న మూట దించాడు. తుఫాను నీరసపడింది. నేను ఆమె నంబరు తీసుకున్నాను, వ్యాపారం కోసమని చెప్పి.

రోజూ ఫోన్ చేసేవాణ్ణి.

"సముద్రం ఎట్లుండాది?"

"బాగుండాది. నేనెట్లుండానో అడగవా?"

"అది రెండో ప్రశ్న."

"నీకు తుఫాను కావల్ల. నాకు వద్దు. మనకెట్ల కుదురుతాదప్పా?"

నేను మాట మార్చి శనగ ధర గురించి చెప్పాను. ఆ తర్వాత ఆమె ఫోన్ ఎత్తడం మానేసింది.

నవంబరులో తనే చేసింది. "ఈసారి శానా లోతు దాకా వేడే. తీరం చేరేలోపు బలపడతాది. మీకు వాన, సంతోషపడు. ఈడ జాలర్ల వలలు, పడవల మోటార్లు మెరకకు చేర్చాల. బండ్లు చాలడం లేదు."

వాన కబురు వచ్చాక, ఊళ్లకు విత్తనం చేర్చే లారీయే మా అంగడికి ప్రాణం. మూటలన్నీ దింపించి ఖాళీ లారీ ఎక్కాను.

"గిరాకీ పెట్టుకుని యాడికిరా?" అంది మా అమ్మ గురమ్మ.

"సముద్రానికి."

ఆమె నన్ను పైకీ కిందికీ చూసి, ఇద్దరికి సరిపడా అన్నం కట్టిచ్చింది.

తుఫాను వచ్చేసరికి మనుషులూ వలలూ మెరక మీద ఉన్నారు. షెల్టరు వరండాలో సాహితి తడిసిన చున్నీ పిండుతోంది.

"కర్నూలులో వాన పడతాండాదంట. అంగడెవరు చూస్తాండారు?"

"అమ్మ. సాహితీ, నాకు నువ్వు కావల్ల."

ఆమె పిండడం ఆపలేదు. "నేను సముద్రం విడిచి రాను."

"నేను అంగడి విడవను."

"మరి?"

"నడుమ కడప ఉండాది."

"కడపలో ఏముండాది?"

"బాడుగ ఇండ్లు."

పిండిన చున్నీ భుజాన వేసుకుంది. తర్వాత నవ్వకుండానే, "బోరులో నీళ్లుండే ఇల్లు చూడు," అంది.