ఎర్రగీత పడిన చీటీ

పాల మీద ఒక కన్ను, ఉయ్యాలలోని బిడ్డ మీద ఒక కన్ను వేసి ఆమె వంటగది గుమ్మంలో నిలబడింది. ముందుగదిలో భర్త గోడకు చీటీలు అంటిస్తున్నాడు. తను పనిచేసే ప్రింటింగ్ ప్రెస్ మూతపడ్డ రోజు అతను ఇంటికి తెచ్చుకున్నది ఒక్కటే, కత్తిరించగా మిగిలిన అట్టముక్కల సంచి.

“కొత్త వ్యాపారం ఊరికే తట్టదు, దానికో పద్ధతుంది” అనేవాడు. రోజూ వీధుల్లో తిరిగి జనం విసుక్కునే కష్టాలు పది రాసుకురావాలి. ఒక్కో చీటీకి మూడు ప్రశ్నలు. రోజూ వచ్చే కష్టమేనా? చాలామందికి ఉందా? డబ్బిచ్చి వదిలించుకుంటారా? ఒక్కదానికి కాదని వచ్చినా ఎర్రగీత కొట్టి డబ్బాలో పడేయాలి. నాలుగు నెలలకు గోడ మీద నిలిచినవి మూడే.

“ఊరందరి ఏడుపులూ ఏరుకొస్తున్నావేంట్రా, మనింట్లో చాలకనా?” అంది అతని తల్లి మంచం మీద నుంచి.

“మన తిండి వాటిలోనే ఉందమ్మా” అంటూ చెప్పులు వేసుకోబోయాడు.

డబ్బా నిండిపోయింది. వెనకవైపు తెల్లగానే ఉన్నాయి కదా, సామాన్ల పట్టీకి పనికొస్తాయని ఆమె నాలుగు ముక్కలు తీసింది. రెండోదాని దగ్గర చెయ్యి ఆగిపోయింది.

‘చంటిబిడ్డ తల్లి. మొదటి బిడ్డ నిద్రలోనే పోయింది. రెండో బిడ్డ ఊపిరి చూసుకుంటూ తాను నిద్రపోదు.’ కింద సన్నగా, ‘రోజూ, అవును. చాలామందికి, అవును. డబ్బు, ఇచ్చుకోలేదు.’ అన్నిటి మీదా ఎర్రగీత.

ఆ మాటలు ఆమెవే. పది రోజుల కిందట గిన్నెలు తోముతూ ఏడ్చినప్పుడు అన్నవి. అతను పక్కనే నిలబడి అడ్డు చెప్పకుండా విన్నాడు. ఇన్నాళ్ళకు విన్నాడు కదా అని ఆ పూట ఆమె కడుపునిండా తిన్నది కూడా.

పాల కింద మంట ఆర్పి, చీటీ తెచ్చి అతని ముందు పెట్టింది.

“ఇది ఏ వీధిలో దొరికింది మీకు?”

అతని మొహం పాలిపోయింది. “అది... పద్ధతి ప్రకారం...”

“ఏడుస్తుంటే వింటున్నారనుకున్నాను. సరుకు ఏరుకుంటున్నారని తెలీలేదు. సరే, ఏరుకున్నారు. కొట్టేయడం దేనికండీ?”

“మెల్లగా, బిడ్డ లేస్తుంది.”

“లేవనీండి! లేస్తేనే కదా నాకు ధైర్యం!”

అత్తగారు చీటీ అందుకుని చదివి, కళ్ళజోడు తీసేసింది. “అంత గోడ మీద నీ బిడ్డకి చోటు లేకపోయిందట్రా?”

అతను నేల మీద కూలబడ్డాడు. “మూడు రోజులు జేబులోనే మోశానమ్మా. అది ఉన్నంతసేపూ ఇంకో చీటీ రాయలేకపోయాను. దానికి జవాబు నా దగ్గర లేదు. అందుకే మూడో ప్రశ్న వంకతో కొట్టేశాను.”

ఆమెకు కోపం దిగలేదు గాని ఒంట్లో సత్తువ దిగిపోయింది. గోడకానుకుని కూర్చున్నచోటే కన్ను మూతపడింది.

మెలకువ వచ్చేసరికి ఎండ గది మధ్యకొచ్చింది. ఉలిక్కిపడి ఉయ్యాల వైపు చూసింది. అతను మోకాళ్ళ మీద కూర్చుని బిడ్డ ముక్కు దగ్గర వేలు పెట్టి ఉన్నాడు, అచ్చం తను పెట్టినట్టే.

“వీధిలోకి వెళ్ళలేదా?”

“లేదు.” వేలు తీయలేదు. “పెద్దది పోయినప్పుడు నేను ప్రెస్‌లో ఉన్నాను. ఇంట్లో ఉండి ఒక్కసారి చూసుంటే అని... రోజూ అనుకుంటా. నీకెప్పుడూ చెప్పలేదు.”

ఆమె జరిగి వచ్చి, అతని వేలి పక్కనే తన వేలూ పెట్టింది. రెండు వేళ్ళకూ ఊపిరి వెచ్చగా తగిలింది.