చిన్నల్లుడి సంతకం

నూట యాభై అయిదు మిల్లీగ్రాములు మాయమయ్యాయి.

సోమవారం సాయంత్రం 4:10కి ఆహార పరీక్షల ల్యాబ్ రిపోర్ట్ ఇచ్చింది. ఒక మిల్లు నూనెలో, నూనె చెడకుండా కలిపే యాంటీ ఆక్సిడెంట్ మందు కిలోకి 310 మిల్లీగ్రాములు. పరిమితి 200. మిల్లుకు సీలు పడింది. మిల్లువాళ్ళ అప్పీలు మీద అదే నూనె రెండో సీసాను పై ల్యాబ్‌కు పంపితే 155 మాత్రమే వచ్చింది. సరిగ్గా సగం.

శుక్రవారం మధ్యాహ్నం 3:00. విజిలెన్స్ ఆఫీసరు ల్యాబ్‌లో అడుగుపెట్టింది. డైరెక్టరు టేబుల్ మీద సస్పెన్షన్ ఆర్డర్ సిద్ధంగా ఉంది. రిపోర్ట్ కింద సంతకం చేసిన అనలిస్ట్ పేరు అందులో టైపు చేసి ఉంది. ఆమె ఊ అనడమే తరువాయి, అయిదింటికల్లా అతని ఉద్యోగం ఊడుతుంది. ఆపైన పోలీసు కేసు.

ల్యాబ్‌లో అందరూ అతణ్ణి చిన్నల్లుడంటారు. రిటైరైన పాత చీఫ్‌గారికి ఇద్దరు కూతుళ్ళు. ఇద్దరి మొగుళ్ళూ ఇక్కడే పనిచేస్తారు. నమూనాలో ఏది ఎంతుందో కొలిచే లిక్విడ్ క్రోమటోగ్రఫీ మెషిన్‌ను పదకొండేళ్ళపాటు నడిపింది పెద్దల్లుడు. ఆరునెలల కిందట కొత్త మెషిన్ రాగానే ఛార్జి చిన్నల్లుడికిచ్చారు.

చిన్నల్లుడు చూడగానే ఆఫీసరుకు నచ్చలేదు. మడత నలగని తెల్లకోటు, తడుముకోని జవాబులు. తన ఆఫీసులో రెండేళ్ళుగా తనకు రావలసిన కుర్చీలో కూర్చున్న జూనియర్ అచ్చం ఇలాగే ఉంటుంది. తప్పు చేసింది వీడే అయితే బాగుండునని ఆమెకు అనిపించింది. అనిపించినందుకు సిగ్గేసింది. అయినా ఆ కోరిక పోలేదు.

"నూనెలో ఏమైనా కలిపారా?"

"లేదు మేడమ్."

"పోటీ మిల్లువాళ్ళు మిమ్మల్ని కలిశారా?"

"ఎవరూ కలవలేదు."

"మరి రెండింతలెలా వచ్చింది?"

"మెషిన్ చూపించిందే రాశాను."

"మెషిన్‌కి ఎలా తెలుస్తుంది?"

"స్టాండర్డ్ అని ఒక ద్రావణం ఉంటుంది. అందులో మందు ఎంతుందో మనకు ముందే తెలుసు. గ్రాఫ్‌లో దాని పీక్‌ని, అంటే గీత పైకి లేచే శిఖరాన్ని, కొలతగా పెట్టుకుని, నూనెలో ఎంతుందో లెక్కకడుతుంది."

ఆమె సోమవారం మధ్యాహ్నం ఇక్కడ పరీక్షించిన మిగతా నమూనాల రిపోర్టులూ తెప్పించింది. మూడున్నాయి. పై ల్యాబ్‌కు ఫోన్ చేసింది. వాటి రెండో సీసాలూ అక్కడే ఉన్నాయి, అప్పటికప్పుడు పరీక్షించారు. మూడూ సగానికి సగం తగ్గాయి. ఇక్కడ పరిమితి దాటలేదు కనక ఇన్నాళ్ళూ ఎవరికీ చీమ కుట్టినట్టయినా లేదు.

4:20. డైరెక్టరునీ అల్లుళ్ళిద్దరినీ మెషిన్ గదిలోకి పిలిచింది.

"నూనెనెవరూ ముట్టుకోలేదు. కొలిచే గ్లాసు చిన్నదైతే బియ్యం ఎక్కువున్నట్టు కనిపిస్తాయి. సోమవారం చిన్నదైంది స్టాండర్డ్. నూనె చెడకుండా తను చెడిపోయే మందిది. ఎండా గాలీ తగిలితే ముందు ఇదే పోతుంది. గ్రాఫ్ చూడండి. అసలు పీక్ సగానికి పడిపోయింది. పక్కన చిన్న పీక్ కొత్తగా పుట్టింది. చెడిపోయిన సగం అదే."

"చిన్నల్లుడే బయట వదిలేసుంటాడు," అన్నాడు డైరెక్టరు.

"12:40 నుంచి 2:30 దాకా ఆయన మీ గదిలో మీటింగ్‌లో ఉన్నారు. ఇందాక మీరే చెప్పారు."

ఆమె స్టాండర్డ్ ఉంచే ఫ్రిజ్ పిడికి దారంతో కట్టిన రిజిస్టర్ విప్పి తెచ్చింది.

"అందరూ మెషిన్ మెమరీ గాలించారు. దీన్నెవరూ తెరవలేదు. సోమవారం, స్టాండర్డ్ సీసా. బయటికి 12:50. లోపలికి 2:20. సంతకం లేదు. కానీ ఇంత గుండ్రంగా అంకెలు రాసేది ఈ పుస్తకంలో ఒక్కరే."

పెద్దల్లుడు రిజిస్టర్ వైపు చూసి ఓ వెర్రినవ్వు నవ్వాడు.

"చెయ్యి రాసేసింది మేడమ్. సీసా తీస్తే టైము రాయడం పదకొండేళ్ళ అలవాటు. వెలుతురు దూరే తెల్లసీసాలోకి పోసి, మూత తీసి, కిటికీలో ఎండకు పెట్టాను. మళ్ళీ పాతసీసాలో పోసి లోపల పెట్టేశాను."

"ఎందుకు?"

"ఆరునెలలుగా వీడు నన్నొక్క మాట అడగలేదు. ఇంట్లో మామగారు కూడా మెషిన్ కబుర్లు వాడితోనే చెబుతారు. నాకు ఒళ్ళు మండిపోయేది. పీక్ తేడాగా ఉందన్నయ్యా, ఓసారి చూడండి అంటూ వస్తాడనుకున్నా. నాలుగింటిదాకా నేను కుర్చీలోంచి లేవలేదు. వాడు రాలేదు. సంతకం పెట్టేశాడు. మిల్లుకు సీలు పడ్డాక ఇక నాకు నోరు పెగల్లేదు."

చిన్నల్లుడి మొహంలో ఇప్పుడు రంగు లేదు.

"ఆ పీక్ చిన్నగా ఉందని నాకూ అనిపించిందన్నయ్యా. మీ తలుపుదాకా వచ్చాను. మీకైతే చూడగానే తెలిసిపోతుంది. నాకలా తెలియదు. ఎప్పటికైనా తెలుస్తుందో లేదో. అడిగితే అది అందరికీ తెలిసిపోతుందని వెనక్కెళ్ళి సంతకం పెట్టేశాను."

అల్లుళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

4:50కి ఆఫీసరు ఆర్డర్‌లో చిన్నల్లుడి పేరు కొట్టేసి పెద్దల్లుడి పేరు రాసింది. దాని కింద, 'పీక్ మీద అనుమానం వచ్చినా, సంతకం చేసిన అనలిస్ట్' అని మరో వాక్యం మొదలుపెట్టింది. అది నిజమే. రాయవలసిందే. కానీ కలం ఉన్నట్టుండి పరుగందుకుంది. పొద్దుటినుంచి లేని హుషారు చేతికి వచ్చింది.

ఆ జూనియర్ గుర్తొచ్చి ఆమె ఆగింది. కాగితాన్ని డైరెక్టరు వైపు తోసింది.

"ఈ వాక్యం మీరు పూర్తి చెయ్యండి. ఇది నేను రాయకూడదు."