గోరీ బండ మీద రెండో బొట్టు

“మీ అమ్మ గోరీ బండ మీద సుద్దతో గీకుతావేమిరా, సిగ్గులేనోడా!”

మా నాయన బుడేన్ సాబ్ అరుపుకు పక్కింటి కుక్క లేచింది. తాడిపత్రిలో బండలకు పాలిష్ పట్టేది ఆయన పని. అమ్మ కోసరమని ఆ నల్లబండను ఆర్నెల్లు చేత్తోనే రుద్దినాడు.

“తుడిస్తే పోతాది నాయనా.”

“రేపు జుమ్మా. తెల్లారితే అది గోరికి పోతాది.”

అదే నా కోపం. ఈ రాత్రి ఒక్కటే ఉండాది నాకు. దుర్భిణీ యాడ తెచ్చేది? బండను పెరట్లో పండేసి, గడ్డం నేలలో కొట్టిన ఒకే గూటం మీద ఆన్చి చూస్తే, ఆకాశమంతా దాంట్లోకి దిగుతాది. కనపడిన చుక్కకల్లా సుద్దబొట్టు పెడతా. నిన్న మసగ్గా ఒకటి కొత్తగా కనిపించింది. బళ్లో సైన్సు చెప్పే హనుమంతప్ప ఐవారు నవ్వినాడు.

“ఒక్క రాత్రి కనపడితే దుమ్మురా జమాలూ. రెండో రాత్రి జరిగి కనపడితే తోకచుక్క. అప్పుడు నీ పేరుతో చుక్కలు చూసే వేధశాలకు నేనే జాబు రాస్తా.”

బడి మానేసినోని మాట నమ్ముతానన్నోడు ఆయనొక్కడే.

“మీ అమ్మ సచ్చేపొద్దు గూడా చుక్కలే చూస్తాంటివి,” అన్నాడు నాయన. “నీళ్లు, నీళ్లు అని పిలుస్తాంటే...”

“నాకు ఇనపడలే!”

అబద్ధం. ఇనపడింది. అప్పుడు అరవై ఐదు కరువు, బాయిలన్నీ ఎండినాయి, చెంబెడు నీళ్లకు మైలు నడవాల. “వస్తాండా అమ్మా” అన్నా. పోలే.

నాయన తిట్టుకుంటా పండుకున్నాడు. తెల్లారుజాము. గాలి లేదు. ఎండిన చెనిక్కాయ కట్టె వాసన. గడ్డం ఆన్చినా.

మసక జరిగింది! బెత్తెడు జరిగింది. రెండో బొట్టు పెట్టినా.

పైకి చూసినా. ఆడ ఏమీ లే.

కిందికి చూసినా. ఉండాది... పెద్దదయింది... తగ్గింది... మళ్లా పెద్దదయింది. అద్దం మీద ఊపిరి ఇడిస్తే ఎట్లుంటాదో అట్ల.

నా ఊపిరి బిగబట్టినా. అది ఆగలే.

తుడిచినా. పోలే. మసక బండకు లోపలి పక్క ఉండాది.

“నాయనా...”

ఆయన వచ్చి చూసినాడు. గీత పడిందేమోనని చెంబెడు నీళ్లు పోసినాడు. పాలిష్ చూసేదానికి రోజూ చేసే పనే. నున్నటి బండ నీళ్లు తాగదు. పక్కలకు జారాల.

జారలే. సుద్దబొట్టు గూడా చెదరలే.

“యాడ పోయినాయిరా?” గుసగుసగా అడిగినాడు.

కింద మన్ను తడిమినా. పొడి.

ఇంగో చెంబు పోసినాడు. అదీ పోయింది.

పొద్దున ఐవారు మా ఇంటికొచ్చి బొట్లు చూసి ఎగిరినాడు. “జరిగింది కదరా! జాబు రాస్తా పో.” వద్దని అరిచినా. నమ్మకం లేక అరుస్తాండానని, దీంతో సరిచూసుకోమని తన దుర్భిణీ నా చేతిలో పెట్టి పోయినాడు. నాయనా నేనూ బండను గోరి కాడ నాటొచ్చినాము.

మర్నాడు తెల్లారుజామున దుర్భిణీ కంటికి పెట్టినా. అద్దం లోపలి పక్క మసక... పెద్దదయితాంది... తగ్గుతాంది...

“తెస్తాండా అమ్మా, నీళ్లు తెస్తాండా!” అని ఊరంతా లేచేటట్ల అరిచినా. ఇప్పుడు అరిచి ఏం లాభం?

మీరూ చుక్కలు చూసేటోళ్లే కదా. అద్దం మీద మసక పడితే తుడవొద్దు. ముందు ఊపిరి బిగబట్టండి.

ఆగిందా?