రెండు వేళ్ల వదులు

ఏడు రోజులు సముద్రంలో నాని, ముక్కు మీద తోలు ఊడి, ఉప్పు పట్టిన జుట్టుతో, సర్ఫింగ్ బోర్డు భుజాన వేసుకుని ఆమె ఇల్లు చేరేసరికి ఉదయం ఎనిమిదైంది. వాళ్లింట్లో ముందుగది బొటిక్, వెనక రెండు గదులు కాపురం. ముందుగదిలో కటింగ్ బల్ల మీద పదకొండు నీలం గౌన్లు గుట్టగా పడి ఉన్నాయి. ఆ గుట్టలో మొహం దాచుకుని ఇరవై మూడేళ్ల కూతురు వెక్కి వెక్కి ఏడుస్తోంది... కుర్చీలో అత్తగారు, గుమ్మంలో భర్త. "వచ్చావా" అన్నవాళ్లు ఒక్కరు లేరు!

అత్తగారు మాత్రం బోర్డు వైపు చూసి, ముందు ఆ ఇస్త్రీ బల్ల దించమంది. కోడలు దాన్ని కొన్న రోజు నుంచీ ఆవిడ దానికి పెట్టిన పేరు అదే. ఊళ్లో అందరి కోడళ్లూ ఇస్త్రీ బల్ల మీద బట్టలు పరుస్తుంటే, మా కోడలు తనే ఎక్కి పడుకుంటుంది అని వచ్చినవాళ్లందరికీ చెప్పుకునేది.

ఒక గౌను చేతిలోకి తీసుకుందో లేదో ఆమెకి విషయం అర్థమైపోయింది. చంకల కింద కుట్లు నోళ్లు తెరిచాయి. అవి ఆడవాళ్ల పాటల బృందం కుట్టించుకున్న గౌన్లు. నిన్న రిహార్సల్లో అవే వేసుకుని, మొదటి పాటకి అందరూ కలిసి గుండెల నిండా ఊపిరి పీల్చారట. అంతే, పదకొండు గౌన్లూ ఒకేసారి పటపటమన్నాయట. ఇవాళ సాయంత్రం ఆరింటికే కచేరీ!

"పుస్తకంలో నువ్వు రాసిన కొలతలే అమ్మా... ఒక్క గీత తేడా లేకుండా కత్తిరించాను. కుట్టు కోర్సులో నేర్పినట్టు వదులు కూడా వదిలాను," అంది కూతురు ముక్కు తుడుచుకుంటూ.

అవును, కొలతలు అవే. తప్పు ఆ పుస్తకంలోనే ఉంది. దాన్ని నింపిన చెయ్యి తనది!

పదిహేనేళ్ల కిందట ఒకే మిషనుతో మొదలుపెట్టినప్పుడు వాళ్లు ఇద్దరే. ఈమె కొలతలు తీసేది. స్నేహితురాలు కత్తిరించేది, కుట్టేది, కాజాలు తీసేది. కాజాలు అంత ముద్దుగా తీసేది కాబట్టి ఆమె పేరే కాజా అయిపోయింది. ఇద్దరికీ ఏ చుట్టరికమూ లేదు, అయినా వదినా అంటే వదినా అనుకునేవాళ్లు. నడుం ముప్పై ఎనిమిది అని పైకి చదివితే మొహం మాడ్చుకునే కస్టమరు, ముప్పై ఆరున్నర అంటే మురిసిపోతుందని ఈమె మొదటి నెల్లోనే కనిపెట్టింది. అందుకే టేపు కాస్త బిగించి, తగ్గించి చదివి, వాళ్ల కళ్లముందే అదే అంకె పుస్తకంలో రాసేది. కత్తిరించేటప్పుడు కాజా ప్రతి కొలతకీ తన రెండు వేళ్లు ఆనించి, అంత ఎక్కువ వదిలేది. ఆ సంగతి ఎక్కడా రాసుకోలేదు. ఎందుకు రాసుకుంటారు? ఒకళ్లు అబద్ధం రాస్తే ఇంకొకళ్లు దాన్ని నిజం చేసేవాళ్లు. ఊరంతా ఆ బొటిక్ బట్టలు ఒంటికి పోసినట్టు ఉంటాయని మెచ్చుకునేది... వెనకాల ఎవరి వేళ్లున్నాయో ఎవడు అడిగాడు గనక!

"మరి కాజా ఏమైంది? ఇవి తను కదా కత్తిరించాల్సింది?"

భర్త గొంతు సవరించుకున్నాడు. కాజా వాళ్లింట్లో... అని మొదలుపెట్టాడు. ఆవిడ అలక సంగతి నాకు చెప్పొద్దు అని ఆమె కసిరింది. ఆయన నోరు మూసుకున్నాడు. ఒకసారి కసిరితే రెండోసారి నోరు విప్పని మగవాళ్లుంటారు చూడండి, ఆ బాపతు. పెళ్లాం మాట వినే మొగుడని వాడకట్టులో మంచి పేరు కూడా ఉంది ఆయనకి. అత్తగారు మాత్రం, వెళ్లు, ఎలాగూ వెళ్లాల్సిన ఇల్లే, ముందు ఆ ఉప్పు కడుక్కుని మరీ వెళ్లు అంది. ఆ మాటలోని అర్థం ఆమె చెవిన పడలేదు. గౌన్లన్నీ పెద్ద సంచీలో కుక్కి, ఉప్పు జుట్టుతోనే బయల్దేరింది.

దారి పొడుగునా కాజా మీద కోపం కుతకుతలాడుతూనే ఉంది. అది అలకే అని ఆమె నమ్మకం. ఎందుకంటే బయల్దేరే ముందు ఒక మాట జరిగింది. అమ్మని రెండ్రోజులు తమ్ముడి దగ్గర ఉంచి నేనూ వస్తాను వదినా, నీళ్లలో దిగను, ఒడ్డున కూర్చుని నిన్ను చూస్తాను అని కాజా అడిగింది. ఈమె నవ్వుతూనే, ఏడాదంతా చూస్తున్న మొహమే అక్కడ కూడా చూడాలా అంది. కాజా కూడా నవ్వింది. కానీ ఆ తర్వాత రెండ్రోజులు సూదీ దారమూ అడగడానికి తప్ప నోరు తెరవలేదు.

ఈమెది తప్పని ఎలా అంటాం? పదిహేనేళ్లు కటింగ్ బల్ల మీద వంగి వంగి వెన్నెముక విల్లులా అయిపోయింది. నలభయ్యో ఏట ఎవరో కస్టమరు చెబితే సర్ఫింగ్ నేర్చుకుంది. బోర్డుకి మైనం రుద్ది, తాడు కాలికి కట్టుకుని, బోర్లా పడుకుని చేతులతో నీళ్లు తోసుకుంటూ లోపలికి వెళ్లి అల కోసం ఎదురుచూడటం... అక్కడ ఎవరి నడుమూ కొలవక్కర్లేదు, ఎవరి మొహమూ చూసి మాట్లాడక్కర్లేదు! ఏడాదికి ఏడు రోజులు. ఆ ఏడు రోజులకీ తనే ఒక నియమం పెట్టింది. ఫోను లాడ్జి గదిలో ఆపేసి ఉంటుంది. రోజు విడిచి రోజు తనే ఇంటికి చేస్తుంది. మంచైనా చెడైనా ఇంట్లోవాళ్లు ఏదీ చెప్పకూడదు, వచ్చాకే వింటుంది. ఇల్లు కాలిపోయినా సరే, వచ్చి బూడిద చూసుకుంటాను గానీ ఫోన్లో చెప్పకండి అని నవ్వేది. అందరూ నవ్వేవాళ్లు. అందరూ ఆ మాట బుద్ధిగా విన్నారు కూడా...

కాజా ఇంటి తలుపు తీసే ఉంది. కాజా గుమ్మం పక్కన నేల మీద కూర్చుని ఉంది. ఈమె సంచీ ధబాలున దించి, ఊపిరి తీసుకోకుండా మొదలుపెట్టింది. ఒక్క వారం నేను లేకపోతే ఇంత పని చేస్తావా అంది. పిల్ల కత్తిరిస్తోందని తెలిసి కూడా, పుస్తకం నమ్మొద్దని ఒక్క మాట చెప్పడానికి నోరు రాలేదా అంది. నా పేరు నీళ్లపాలు చేసి చల్లగా కూర్చున్నావు, నీకు కావలసింది అయింది కదా అంది. ఇంకా ఏమేమో అంది. కాజా తలెత్తి చూస్తూనే ఉంది.

మాటలు అయిపోయాక ఈమె చూపు గదిలోకి వెళ్లింది. కిటికీ పక్కన మంచం ఖాళీగా ఉంది. పరుపు చుట్టి దారంతో కట్టేసి ఉంది. ఆరేళ్లుగా ఆ మంచం మీంచి కదలని కాజా తల్లి అక్కడ లేదు.

"అమ్మ ఏది?"

కాజా ఆమె మొహంలోకి చూసింది.

"నీకు తెలీదా వదినా?" అంది మెల్లిగా. "పోయింది. నువ్వు వెళ్లిన మూడో రోజు. ఇప్పటిదాకా నేను... అమ్మ పోయిందని తెలిసే ఇలా తిడుతున్నావనుకున్నాను."

 ఈమె గోడ పట్టుకుని నేల మీద కూర్చుండిపోయింది. ఆ తల్లి ఈమెకి కన్నతల్లి కాదు, కానీ బొటిక్ మొదలుపెట్టిన ఆ ఒక్క మిషనూ ఆ తల్లిదే! కాజాని చిన్నది అనీ, ఈమెని పెద్దది అనీ పిలిచేది. ఆఖరి రోజున కూడా గుమ్మం వైపు చూస్తూ పెద్దది వచ్చిందా, పెద్దది వచ్చిందా అని అడుగుతూనే పోయిందట. కాజా తొమ్మిదిసార్లు ఈమె ఫోనుకి చేసింది. తర్వాత ఇంటికి చేస్తే, చెప్పొద్దని వెళ్లిందమ్మా అన్నాడట ఆ మొగుడు మహానుభావుడు.

తనకి తెలిస్తే ఆ నిమిషమే పరిగెత్తుకు వచ్చేదాన్నని ఈమె ఏడ్చింది. చేతులు పట్టుకుంది. తల బాదుకుంది. కాజా ఆపలేదు, ఏడవలేదు. ఏడుపు నెమ్మదించాక సంచీ దగ్గరికి జరిగి, ఒక గౌను తీసి, చంక దగ్గర చిరిగిన చోట వేలు పెట్టి చూసింది.

"ఎన్నింటికి కావాలి?"

"వద్దు వదినా. ఇవి పోతే పోనీ. నువ్వు ఇప్పుడు..."

"పదకొండుమంది ఆడవాళ్లు స్టేజీ ఎక్కాలి. వాళ్లేం చేశారు?" అంది కాజా, లేచి చెప్పులు వేసుకుంటూ.

ఆ రోజు బొటిక్‌కి వచ్చి కాజా చేసిన పని చూస్తే ఎవరికైనా కళ్లు చెమర్చాల్సిందే. మిగిలిన నీలం గుడ్డని పలకలుగా కత్తిరించి, చంకల కింద ఒక్కొక్కటే అమర్చింది. పక్క కుట్లు విప్పి సన్నని పట్టీలు అతికించింది. చెయ్యెత్తితే తప్ప అతుకని ఎవరికీ తెలియదు. మధ్యాహ్నం అన్నానికి లేవమంటే లేవలేదు. అత్తగారు, వెటకారం తప్ప ఇంకో భాష రాని ఆ అత్తగారు, గ్లాసుతో మజ్జిగ తెచ్చి మిషను పక్కన పెట్టి, ఏమీ అనకుండా వెళ్లిపోయింది. కూతురు సూదుల్లో దారాలు ఎక్కించి ఇస్తూ కూర్చుంది. నాలుగున్నరకి పాటల బృందం వచ్చింది. గౌన్లు వేసుకుని, భయంభయంగా ఊపిరి పీల్చి, ఇంకా పీల్చి, చివరికి ఆ బొటిక్ అద్దాలు అదిరేలా ఒక రాగం తీశారు. ఒక్క కుట్టు కదల్లేదు. ఎవరు సరిచేశారని వాళ్లు అడగలేదు. ఈమె చేతులు పట్టుకుని, మీరున్నారు కాబట్టి సరిపోయింది మేడం అని వెళ్లిపోయారు!

వాళ్లు వెళ్లాక కాజా కొలతల పుస్తకం అడిగి తీసుకుంది. ఎర్ర పెన్ను పట్టుకుని మొదటి పేజీ నుంచి మొదలుపెట్టింది. ప్రతి పేరు పక్కనా 'రెండు వేళ్లు కలపాలి' అని రాసింది. ఒక పేజీ, ఇంకో పేజీ... ఒకటో తరగతి పిల్లలా వంగి, అక్షరం అక్షరం దిద్దినట్టు రాసింది. ఇదెందుకు ఇప్పుడు, నువ్వుంటావు కదా అని ఈమె అడిగింది.  జవాబు తెలిసే అడిగింది.

"సోమవారం నుంచి చొక్కాల ఫ్యాక్టరీలో చేరుతున్నాను," అంది కాజా, పెన్ను ఆపకుండానే. "కాజాల సెక్షను."

ఈమె కాళ్లు పట్టుకోబోయింది. ఇక సముద్రం మొహం చూడనని ఒట్టు పెట్టబోయింది. అప్పుడు కాజా పెన్ను పక్కన పెట్టింది.

"వెళ్లు వదినా, హాయిగా వెళ్లు. నువ్వు ఒక్కదానివే వెళ్లావని నాకెప్పుడూ కోపం లేదు. చెప్పొద్దన్నావు, చెప్పలేదు, అదీ సరే. కానీ ఇవాళ పొద్దున నా గుమ్మంలోకి వచ్చావు చూడు... నా మొహం చూసి, ఇంట్లో ఏదో అయిందని నీకు అనిపించలేదు. పుస్తకంలో రాయకుండా నీ మనసులో ఉంచుకున్నది నేను పదిహేనేళ్లు చదివాను. నువ్వు నా మొహం ఒక్కసారి చదవలేకపోయావు."

అంతే అంది. గొంతు పెంచలేదు. మిగిలిన నాలుగు పేజీలూ పూర్తిచేసి, పుస్తకం మూసి, ఈమె భుజం మీద చెయ్యి వేసి, జుట్టు కడుక్కో వదినా, ఉప్పుకి తెల్లబడుతోంది అని చెప్పి మెట్లు దిగి వెళ్లింది. మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడింది ఈమె. కాజా వెనక్కి తిరగలేదు. నిజమైన కోపానికి కేకలు ఉండవు, మనమే కేకలు వేసేవాళ్లని చూసి భయపడుతూ బతికేస్తాం.

లోపల కూతురు కొత్త ఆర్డరు గుడ్డ బల్ల మీద పరిచింది. టేపు తీసింది, చాక్‌పీసు తీసింది. పుస్తకం తెరిచి ఎర్ర అక్షరాలు చదివింది. తన చూపుడువేలూ నడిమివేలూ టేపు మీద ఆనించి చూసుకుంది. సన్నని వేళ్లు, అంగుళం దాటి కాస్త. తల్లి చెయ్యి తీసుకుని అదే టేపు మీద పెట్టింది. అంగుళమున్నర నిండింది.

"అమ్మా, ఎవరి వేళ్లు పెట్టాలి? కాజా అత్త వేళ్లు నీ అంత ఉంటాయా, నా అంతా?"

ఆమె నోరు తెరిచింది. పదిహేనేళ్లు అదే బల్లకి అటు ఒకళ్లు ఇటు ఒకళ్లు... పొద్దున ఆ చేతులు రెండూ పట్టుకుని ఏడ్చింది కూడా. కళ్లు గట్టిగా మూసుకుని గుర్తుచేసుకోబోయింది. సూది కనిపించింది, దారం కనిపించింది, నీలం గుడ్డ కనిపించింది.

వేళ్లు గుర్తురాలేదు.