ఒక మిల్లీలీటరు

మార్చి పద్దెనిమిది, మంగళవారం, ఉదయం తొమ్మిది గంటలు. తలుపులు బిగించిన గదిలో ఉన్నది ఇద్దరు: చీఫ్, ఏజెంట్. మూడో మనిషి టేబుల్ మీది ఫొటోలో ఉంది. ఏజెంట్ అక్క. పోయి పదకొండు నెలలైంది.

"యాంటీబాడీల్లోని లైట్ చెయిన్లనే ప్రోటీన్ల మీద మీ అక్కగారు ఇరవై ఏళ్లు పరిశోధన చేశారు. చివరికి ఆవిడ మూలుగలోని కణాలే లెక్కాపత్రం లేకుండా లైట్ చెయిన్లు తయారుచేసి గుండెను బిగదీసేశాయి. ఆ కణాలను ఆవిడే ల్యాబ్‌కు ఇచ్చారు."

"తెలుసు సార్. మందు కనిపెడతారని."

"విదేశీ ముఠా ఆ కణాల్లోని జన్యువుతో విషం చేయబోతోంది. మిగిలింది ఒక్కటే సీసా. పదకొండున్నర విమానంలో దాటిస్తున్నారు. పట్టుకెళ్లేది మన మనిషే. అటూ ఇటూ పనిచేసే మన మనిషి."

"వెనక్కి తేవాలా?"

చీఫ్ ఫొటో వైపు చూడలేదు. "వీలైతే తే. కాకపోతే అది ఉండకూడదు."

పదకొండు గంటలకు, నైట్రోజన్ కంపెనీ నీలం దుస్తుల్లో, గుండీలో మైక్‌తో ఏజెంట్ విమానాశ్రయపు కార్గో గదిలో అడుగుపెట్టాడు. సీసా పట్టుకెళ్లే మనిషి ఎదురుగా ఉంది: ముత్యాల కమ్మలు, బూడిదరంగు సూటు. ఒకప్పుడు అక్క పక్క బల్ల దగ్గరే పనిచేసిన అందగత్తె.

"కప్పానా?" అంది.

"కాదు, ల్యామ్డా."

లైట్ చెయిన్లలోని రెండు రకాల పేర్లే ముఠా కోడ్. సరిపోయింది. కణాలను గడ్డకట్టించి ఉంచే ద్రవ నైట్రోజన్ నింపడానికి ఆమె సీసా ఉన్న డబ్బా మూత తీసింది. తెల్లటి పొగలోంచి ఏజెంట్ పట్టకారుతో సీసాను లాగి గుప్పిట్లో బిగించాడు. తలెత్తేసరికి ఎదుట పిస్తోలు.

"తమ్ముడివా! వేషం బాగానే వేశావు. అక్క కళ్లు ఎక్కడ దాస్తావు?"

అతడు గుప్పిటను గుండెకు ఆనించుకున్నాడు. "కాల్చు. ముందు పగిలేది సీసానే."

ఆమె గొంతు మెత్తబడింది. "మొండితనం వద్దు. అందులో అక్క కణాలు ప్రాణంతో ఉన్నాయి. ఈ లోకంలో ఆమెది మిగిలింది అదొక్కటే. నాతో రా. పెంచి నీకూ సగమిస్తాను."

ఎప్పుడో ల్యాబ్‌లో అక్క వేసిన కేక అతడి చెవిలో మోగింది: "గుప్పిట్లో పట్టుకోకురా మొద్దూ! వెచ్చటి నీళ్లలో గబగబా కరిగిస్తేనే బతుకుతాయి. మెల్లగా కరిగితే చచ్చిపోతాయి!" "నాకంటే వీటికే ముద్దులెక్కువ," అని ఆ రోజు అలిగాడు.

"ఇంకా చెప్పు," అన్నాడు. "అక్క గురించి."

ఆమె చెప్పింది. కోటు జేబు నిండా పెన్సిల్ ముక్కలట. మెషిన్ మొరాయిస్తే బతిమాలేదట. అరచేతి చర్మం కాలినట్టు మండుతోంది. అతడు ఊఁ కొడుతూనే ఉన్నాడు. బయట విమానానికి ఆఖరి పిలుపు వినిపించింది.

అప్పుడు అతడి వేళ్ల సందులోంచి ఒక నీటిచుక్క జారింది.

ఆమె కూడా అక్క దగ్గర పని నేర్చుకున్నదే. ముఖం పాలిపోయింది. "ఎంతసేపయింది?"

"నువ్వు అక్క పేరెత్తినప్పటి నుంచీ."

పిస్తోలు వాలిపోయింది. మైక్‌లో అంతా విన్న పోలీసులు తలుపు తోశారు. సీసాలో మిగిలినదాన్ని ఏజెంట్ తానే బ్లీచ్‌లో వంపాడు. అక్క రాసిన లేబుల్ సిరా మాత్రం చెదరలేదు.

సాయంత్రం, కుడిచేతికి కట్టుతో, ధ్వంస ధ్రువపత్రాన్ని ఎడమచేత్తో నింపాడు. నమూనా: ల్యామ్డా కణాలు. నష్టం: ఒక మిల్లీలీటరు.

చీఫ్ చదివి కళ్లద్దాలు తీసేశాడు. "ఇంతేనా?"

"నష్టాన్ని తగ్గించి రాయడం మన ఆఫీసు అలవాటే కదా సార్."

వంకర అక్షరాలతో సంతకం చేసి, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, ఫైల్లో అక్క ఫొటో వెనకాల దాచాడు.