గది తలుపు అవతల చప్పుడు

పొద్దున్నే ఏడింటికి కోడలు కంప్యూటరు తెరిచేసరికి ఉత్తరం వచ్చి ఉంది. చూపులేనివాళ్ళ కోసం పుస్తకాలు చదివించి రికార్డు చేసే గ్రంథాలయం నుంచి. "మీ నమూనా రికార్డింగును రెండోసారి కూడా తిప్పి పంపుతున్నాం. వెనక ఏదో చప్పుడు వస్తోంది. ఈ మధ్యాహ్నం పన్నెండులోగా సరిచేసి పంపండి. లేకపోతే ఈ ఏడాదికి చదివేవాళ్ళ జాబితాలోంచి మీ పేరు తీసేయాల్సి వస్తుంది."

ఆమెకు ఏడుపొక్కటే తక్కువ. మొదటిసారి తప్పు తనదే. మాటల మధ్య ఊపిరి వినపడకూడదనుకుని, బియ్యంలో రాళ్ళు ఏరినట్టు ఒక్కో ఊపిరినీ ఏరి కత్తిరించి పారేసింది. తీరా వింటే, కుక్క తరుముతుంటే పరిగెడుతూ చదివినట్టుంది. సరే, నేర్చుకుంది. ఈసారి ఊపిర్లు ఉంచింది. చిన్న గది కిటికీకి దుప్పట్లు కట్టి, ఫ్యాను ఆపి, చెమటలు కక్కుతూ ఇరవై నిమిషాల కథ చదివింది. ఇప్పుడు ఈ చప్పుడొకటి!

పెళ్ళయిన ఇరవై ఆరేళ్ళలో 'ఇది నాది' అని ఆమె పట్టుకున్న పని ఇదొక్కటే. అందుకే అంత ఉక్రోషం.

"మళ్ళీ తన్నేశారా?" టిఫిన్ ప్లేటు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ భర్త అడిగాడు.

"మీకు నవ్వులాటగానే ఉంటుంది."

"నవ్వక ఏం చెయ్యను? జీతం బత్తెం లేని కొలువుకి ఇన్ని పరీక్షలా? ఫ్యానేస్తే తప్పు, గిన్నె పడితే తప్పు. మొన్న తుమ్మొస్తే వీధిలోకి పోయి తుమ్మి వచ్చాను, తెలుసా?"

"రెండు తుమ్ములు వీధిలో తుమ్మారు. మూడోది లోపలికొచ్చి తుమ్మారు. అదీ పడింది."

భర్త ప్లేటు పట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయాడు. ఆమె హెడ్‌ఫోన్స్ తగిలించుకుని రికార్డింగును మొదటి నుంచీ వినడం మొదలుపెట్టింది. నాలుగో నిమిషంలో దొంగ దొరికాడు. కిర్రుమని ఒక చప్పుడు. ఆరో నిమిషంలో మళ్ళీ. తొమ్మిదిలో ఇంకోసారి. నేల మీద పేము కుర్చీ జరిపిన చప్పుడది. ఈ ఇంట్లో పేము కుర్చీ మామగారిదొక్కటే.

విసురుగా తలుపు తీసింది. అనుకున్నట్టే ఆయన తలుపు పక్కనే కుర్చీ వేసుకుని, పేపరు పట్టుకుని కూర్చున్నారు. ముప్పై ఏళ్ళు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దిన మనిషి. మందు సీసా మీది కాగితంలో కూడా అచ్చుతప్పు పట్టి, ఇంటిల్లిపాదికీ చదివి వినిపిస్తే గానీ మందు వేసుకునేవారు కాదు.

"మావయ్యా, ఇంత హాలుండగా మీకు నా గుమ్మమే దొరికిందా?"

"ఇక్కడ గాలి బాగా వస్తుందమ్మా."

"మూసిన తలుపులోంచి గాలేంటి మావయ్యా! మీ కుర్చీ కిర్రుమన్నప్పుడల్లా నా కష్టం బూడిదలో పోసిన పన్నీరవుతోంది. ఇంకోసారి తిప్పి పంపితే నా పేరే తీసేస్తారు. ఈ ఇంట్లో నాకంటూ ఒక్క గంట దక్కదా?"

ఆ కేకకు భర్త పరిగెత్తుకొచ్చాడు. "ఏం మాటలవి? ఆయన కుర్చీ ఆయన వేసుకోడానికి నీ పర్మిషన్ కావాలా?"

"ఇన్నాళ్ళూ దేనికైనా నా పర్మిషన్ ఎవరడిగారు గనక?"

"ముక్కూ మొహం తెలియనివాళ్ళ కోసం ఇంట్లో పెద్దాయన్ని తరిమేస్తావా?"

"ఒరేయ్, నువ్వూరుకో," మామగారు లేచారు. "అమ్మాయి చెప్పింది సబబే. తప్పు నాది." ఒక చేత్తో కుర్చీ ఎత్తుకుని, ఇంకో చేత్తో గోడ పట్టుకుంటూ బాల్కనీలోకి వెళ్ళిపోయారు.

ఆమె తలుపేసుకుని మళ్ళీ కూర్చుంది. కోపం తగ్గలేదు, సిగ్గు మాత్రం మొదలైంది. మొత్తం మళ్ళీ చదివే ఓపిక లేక, కుర్చీ చప్పుళ్ళను మాత్రం కత్తిరిద్దామని వెతుకుతోంది. అది ఒక గుమాస్తా కథ. పై అధికారి టోపీ మీద పొరపాటున కూర్చుని, అది బయటపడకుండా గంటసేపు లేవకుండా తంటాలు పడతాడు. సరిగ్గా అతను కూర్చున్న చోట, ఆమె గొంతు వెనక, తలుపు అవతల నుంచి చిన్న నవ్వు వినిపించింది.

వెనక్కి జరిపి మళ్ళీ విన్నది. నవ్వే. కుర్చీ జరిగిన చోట్లు కూడా చూసింది. గుమాస్తా గుసగుసలాడుతాడని తను గొంతు తగ్గించిన ప్రతిచోటా కుర్చీ తలుపు దగ్గరికి జరిగింది. పాత అభ్యాసపు రికార్డింగులు తెరిచింది. వాటిలోనూ అంతే. ఒకదాంట్లో "అయ్యో పాపం" అన్న మాట కూడా ఉంది. ఊరికే గాలికి కూర్చున్న మనిషి సరిగ్గా నవ్వాల్సిన చోట నవ్వడు. ఆయన అచ్చుతప్పు చదివి వినిపించి ఎన్నాళ్ళయిందో గుర్తు తెచ్చుకోబోయింది. గుర్తు రాలేదు.

బాల్కనీలోకి వెళ్ళి కుర్చీ పక్కన కింద కూర్చుంది.

"మావయ్యా, అక్షరాలు కనపడక ఎన్నాళ్ళయింది?"

ఆయన పేపరు నాలుగు మడతలు పెట్టారు. "ఎనిమిది నెలలు. పెద్ద హెడ్డింగులు తెలుస్తాయి. కిందంతా చీమలు పాకినట్టుంటుంది."

"మాకెందుకు చెప్పలేదు?"

"ఏమని చెప్పను తల్లీ? ఈ కళ్ళు పెట్టిన అన్నం తిన్నవాణ్ణి. నువ్వు చదువుతుంటే నేనే చదువుకుంటున్నట్టుండేది. వినపడనప్పుడు కుర్చీ జరిపేవాణ్ణి. నీ పని చెడుతోందని తెలిస్తే వచ్చేవాణ్ణే కాదు."

ఆమెకు దుఃఖం ఆగలేదు. ఊళ్ళోవాళ్ళకు చదివి పెడుతున్నానని ఎంత మురిసిపోయింది! ఇంట్లో మనిషి తలుపు బయట కూర్చుని వినాల్సి వచ్చింది.

"నాన్నా, రోజూ నా ఎదురుగానే కదా పేపరు చదివేవాడివి..." వెనకే వచ్చి నిలబడ్డ భర్త ఆ మడతల పేపరు చేతిలోకి తీసుకున్నాడు.

"పట్టుకునేవాణ్ణిరా. అంతే."

"రేపు పొద్దున్నే కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం. ఇంకేం మాట్లాడకు."

కోడలు కొంగుతో మొహం తుడుచుకుంది. "లేవండి మావయ్యా. ఇంకా మూడు గంటల టైముంది. మొత్తం మళ్ళీ చదువుతాను. మీరు లోపల కూర్చోండి."

"నేనా? నవ్వొస్తేనో?"

"తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకోండి."

ఆయన్ని మంచం మీద, పరుపు మెత్తగా ఉన్నచోట కూర్చోబెట్టింది. భర్త చెప్పకుండానే ఫ్యాను ఆపి, తలుపు దగ్గరగా వేసి వెళ్ళాడు. ఇంతకాలం మైకుకి చదివిన ఆమె మొదటిసారి ఒక మనిషికి చదివింది. టోపీ దగ్గరకొచ్చేసరికి మామగారు తువ్వాలు నోటికి నొక్కి పట్టి భుజాలు కదిలేలా నవ్వారు. ఆమె పెదవి కొరుక్కుని చదువుతూనే ఉంది.

కథ అయ్యాక అయిదు సెకన్ల నిశ్శబ్దం కూడా రికార్డు చేయాలని గ్రంథాలయం నియమం. మాట్లాడొద్దని వేలు చూపించబోయి, కనపడుతుందో లేదోనని ఆయన చెయ్యి పట్టుకుంది. ఆయన ఆ చేతిని రెండు చేతులతో బిగించి పట్టుకున్నారు. ముడతల చెంపల మీద కన్నీళ్ళు కారుతూనే ఉన్నాయి. ఆ అయిదు సెకన్లలో రికార్డింగులో ఏ చప్పుడూ పడలేదు.