మడ్డి తొట్టి

ఇంజన్లు విప్పి బాగుచేసే షెడ్డులో అన్నిటికన్నా వెనకగది నాది. లేతు మిషన్లు, వెలుతురు, కబుర్లు అన్నీ ముందు గదిలోనే. నా గదికి కిటికీ లేదు. ఉన్నదల్లా ఒక ఇనప తొట్టి, దాని కింద పొయ్యి, పైన గొలుసు కప్పీ, మూలన నీళ్ల పైపు. తొట్టి మనిషి కాళ్లు చాపుకుని పడుకునేంత పొడుగు, నడుము దాటేంత లోతు. అందులో కాస్టిక్ సోడా కలిపిన నీళ్లు పొద్దస్తమానం పొగలు కక్కుతుంటాయి. ఏళ్ల తరబడి గ్రీజు, దుమ్ము పట్టి తారుముద్దల్లా తయారైన ఇంజను భాగాల్ని అందులోకి దించితే, రెండు గంటల్లో జిడ్డంతా మెత్తబడి ఊడొస్తుంది. తర్వాత నీళ్లు కొట్టి, ఆరబెట్టి, తెల్లగుడ్డతో తుడిచి మేస్త్రీకి చూపించాలి. గుడ్డకి నలుపు అంటిందా, మళ్లీ తొట్టిలోకే. ఇరవై రెండేళ్లుగా ఇదే నా పని. షెడ్డులో అందరూ నన్ను సోడా బాబాయ్ అంటారు. వెటకారమే అనుకోండి, నాకేం? నా గుడ్డ నల్లబడిన రోజు లేదు.

ఊడిన జిడ్డు ఎక్కడికి పోతుంది? అడుక్కి దిగి మడ్డి అవుతుంది. మూడు నెలలకోసారి మంట తీసేసి, నీళ్లు వదిలేసి, మర్నాడు తొట్టిలోకి దిగి పారతో ఆ మడ్డి తోడాలి. దిగేముందు పొడుగాటి చువ్వతో పొడిచి చూడటం పద్ధతి. ఒక్కోసారి మడ్డి అడ్డంపడి నీళ్లు పూర్తిగా పోవు. పైన పెచ్చు కడుతుంది, కింద ఘాటు సోడా అలాగే నిలిచి ఉంటుంది. చూడ్డానికి మాత్రం గట్టినేలే.

ఆ రోజు నేను పొడవలేదు. బద్ధకం.

నడుం పట్టేసిందని వంక పెట్టి మా బావమరిదిని పిలిచాను. మా ఆవిడకి ఒక్కగానొక్క తమ్ముడు. అదే షెడ్డులో వెల్డరు. ముప్పై అయిదేళ్లు వచ్చినా నన్ను చూస్తే బీడీ దాచేసేవాడు. పొడిచి చూశావా బావా అని అడిగాడు. చూశాను, గట్టిగానే ఉంది, దిగరా అన్నాను. దిగాడు. రెండో అడుగుకే పెచ్చు విరిగింది.

"బావా... చెయ్యి" అన్నాడు.

అరవలేదు. మెల్లగా, సిగ్గుపడుతున్నట్టు అడిగాడు. నా చేతులకి మోచేతుల దాకా రబ్బరు తొడుగులున్నాయి. వాడికీ నాకూ మధ్య రెండు జానల దూరం లేదు. నేను ఒకడుగు వెనక్కి వేశాను. ఎందుకు వేశానంటే భయమేసి. అంతకన్నా గొప్ప కారణమేమీ లేదు. వాడు నా మొహంలోకి చూస్తూనే ఒరిగిపోయాడు.

గది సద్దుమణిగాక బుర్ర పనిచేసింది. తొడుగులు విప్పి, చేతులు రెండూ తొట్టిలో ముంచి, పళ్లు బిగబట్టి తీసి, అప్పుడు కేకలు పెట్టుకుంటూ బయటికి పరిగెత్తాను. బావమరిదిని లాగబోయి చేతులు కాల్చుకున్నాడని షెడ్డంతా కన్నీళ్లు పెట్టుకుంది. ఆసుపత్రిలో వాడు మూడో రోజు పోయాడు. ఒక్క మాటా మాట్లాడలేదు, నా అదృష్టం.

ఆ మచ్చలే నా ఇల్లు నిలబెట్టాయి. రోజూ సాయంత్రం ఆరింటికి మా ఆవిడ మందు డబ్బా పట్టుకుని కూర్చుని, మోచేతుల నుంచి మణికట్ల దాకా రాసేది. "నా తమ్ముడి కోసం కాలిన చేతులు" అని కళ్లకద్దుకునేది. నిజం తెలిస్తే ఆవిడ నా గుమ్మంలో ఒక్క పూట ఉండదు. ఈ వయసులో ఆవిడ లేకపోతే నేనెవరికి కావాలి?

రెండు నెలలు గడిచాయి. ఒకరోజు లారీ ఇంజను కింది ఆయిల్ చాంబర్ తొట్టిలోంచి పైకి లాగాను. జిడ్డు ఒక్క పిసరు ఊడలేదు. ఒక్కచోట మాత్రం ఇనుము వెండిలా తళతళలాడుతోంది. అయిదు వేళ్లు, అరచెయ్యి. ఎవరో అంచు పట్టుకుని వేలాడినట్టు.

లేతు పనాయన చూసి, ఏం బాబాయ్, లోపల ఎవర్నైనా పనికి పెట్టుకున్నావా అని నవ్వాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నేను గయ్యిమని లేచాను. ఆయన బిక్కచచ్చిపోయాడు. ఆ వారమంతా అంతే. ఏది దించినా జిడ్డు జిడ్డుగానే పైకొచ్చేది, చేతులు పట్టినచోటు తప్ప. డీజిలు పోసి, ఇనప బ్రష్షుతో ఒళ్లు హూనమయ్యేలా తోమి మేస్త్రీ కంట పడకుండా చేసేవాణ్ని. ఎవరితో చెప్పుకోను? దొంగకు తేలు కుట్టినట్టయింది నా పని.

శనివారం మధ్యాహ్నం వాన దంచికొట్టింది. అందరూ వీధి చివర హోటలుకి భోజనానికి పోయారు. కరెంటు పోయింది. పట్టపగలే నా గదిలో చీకటి. రేకుల మీద వాన మోత, ముక్కుపుటాలు మండించే సోడా ఘాటు, కింద పొయ్యి మంట వెలుగు. నాలుగు సిలిండర్ల బ్లాకు ఒకటి కప్పీకి తగిలించి దించుతున్నాను. నీళ్లలో సగం మునిగిందో లేదో... గొలుసు వదులైంది.

అడుగు ఇంకా తగల్లేదు. అయినా బరువు లేదు.

కింద ఎవరో అందుకున్నారు.

గొలుసు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. వాన ఆగినట్టనిపించింది. ఆగలేదు, నాకే వినపడలేదు. నీళ్ల మీది నల్లటి నురగ మెల్లగా రెండుగా విడిపోయింది...

"బావా..."

వెనక్కి అడుగు వేద్దామంటే కాలు కదల్లేదు. నురగలోంచి రెండు చేతులు లేచాయి. నా మోచేతుల కింద పట్టుకున్నాయి. కాలలేదు. చల్లగా ఉన్నాయి. గట్టిగా కూడా పట్టుకోలేదు. తెల్లగుడ్డతో తుడిచినట్టు, మోచేతుల నుంచి మణికట్ల దాకా మెత్తగా, ఓపిగ్గా జారి... వదిలేశాయి.

గొలుసు మళ్లీ బిగిసింది. బ్లాకు అడుగున దడాలుమంది.

తలుపు దగ్గరికి పరిగెత్తి వెలుతురులో చేతులు చూసుకున్నాను. మచ్చల్లేవు. ఒక్కటీ లేదు. చంటిపిల్లాడి చర్మంలా నున్నగా, వెంట్రుక కూడా లేకుండా ఉన్నాయి. ఇరవై రెండేళ్లుగా గోళ్ల సందుల్లో ఇరుక్కున్న నలుపు కూడా పోయింది.

నాకు వచ్చింది భయం కాదు, వాడి మీద కోపం. చచ్చి కూడా నా కొంప ముంచుతాడా? ముందు గది గోడ గడియారంలో రెండున్నర. ఆరింటికి మందు డబ్బా. ఆవిడ చొక్కా చేతులు పైకి మడుస్తుంది, చూస్తుంది. ఏమని చెప్పను? కాలిన చేతులు మాయమైతే కాల్చుకున్న కథ నిలబడుతుందా?

ఒకసారి చేసిన పనే కదా అనుకున్నాను. ఒక్క క్షణం మంట, తర్వాత నీళ్ల పైపు. మళ్లీ పొరపాటున సోడా పడిందని చెప్పొచ్చు. తొట్టి దగ్గరికి వచ్చి, కళ్లు మూసుకుని, చేతులు మోచేతుల దాకా ముంచాను.

ఈసారి మండింది. అమ్మా అని లాక్కోబోయాను.

రాలేదు.

కింద నా రెండు అరచేతుల్నీ ఎవరో పట్టుకున్నారు. చెయ్యి కలిపినట్టు, వేళ్లలో వేళ్లు దూర్చి... నేను అరిచాను. వాడి పేరు పెట్టి వదలమన్నాను, తప్పయిందన్నాను. వాన మోతలో ఎవరికీ వినపడలేదు. లేతు పనాయన భోంచేసి తిరిగొచ్చేదాకా నన్ను వదల్లేదు. వదిలాక ఇక దాచుకోవడానికి చేతులంటూ మిగల్లేదు. మోచేతుల పైదాకా తీసేశామని ఆసుపత్రిలో చెప్పారు.

ఇప్పుడు అన్నం ముద్దలు కలిపి పెట్టేది మా ఆవిడే, మూతి తుడిచేదీ ఆవిడే. ఏడవలేదు, ఒక్క మాట అడగలేదు. ఇవాళ పొద్దున మాత్రం ఒక నోటు పుస్తకం తెచ్చుకుని నా మంచం పక్కన కూర్చుంది.

"మొదటినుంచి చెప్పండి. నేను రాస్తాను" అంది.

అబద్ధమే చెబుదామని మొదలుపెట్టాను. ఒట్టు. కానీ ఆ కలం కదులుతుంటే నోట్లోంచి నిజం తప్ప ఇంకోటి రావడం లేదు. పొడవలేదన్నాను, రాసింది. ఒకడుగు వెనక్కి వేశానన్నాను, అదీ రాసింది. మొహంలో రంగు మారలేదు. కాగితం వంక చూడటం లేదు, నా మొహంలోకే చూస్తోంది. కలం మాత్రం ఆగకుండా, గబగబా, కొట్టివేతల్లేకుండా పరిగెడుతోంది. ఈ మాట కూడా రాస్తోంది.

మా పెళ్లయి పంతొమ్మిదేళ్లు. మా ఆవిడకి అక్షరం ముక్క రాదు. సంతకం కావాలంటే ఇప్పటికీ వేలిముద్రే వేస్తుంది.